తొమ్మిది కెమెరాలు

వర్క్‌షాపులో ఆయన్ని అందరూ బేరాలాయన అనేవారు. కొడుకూ కోడలూ కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ అది. చిన్న సైజు రూటర్లు తయారుచేసి అమ్ముతారు. కోడలు లోపలి ప్రోగ్రాము రాస్తుంది, కొడుకు బోర్డులు అతికించే మెషిన్ల దగ్గరుంటాడు, సామాను కొనే పని మాత్రం పెద్దాయనది. రేడియోల కాలం నుంచీ విడిభాగాలు కొంటూ బతికినవాడు. ఎదుటివాడు ధర చెప్పగానే మాట్లాడడు. కళ్లజోడు తీసి తీరిగ్గా తుడుచుకుంటాడు. ఆ తుడవడం అయ్యేలోపు ఎదుటివాడే ఓ మెట్టు దిగుతాడు.

మామాకోడళ్ల మధ్య గొడవ గోరంత చిప్పు మీద వచ్చింది.

కొండ మీదికి కొత్తగా రోప్‌వే వేసినవాళ్లు ఒక రూటరు కావాలన్నారు. దారి పొడుగునా ఉన్న తొమ్మిది కెమెరాల బొమ్మలు, మధ్య స్తంభం మీద గాలి జోరు కొలిచే మీటరు లెక్క, రెండూ ఆ ఒక్క పెట్టెలోంచే పైనున్న కంట్రోల్ రూముకి చేరాలి. బొమ్మలు దారిలో ఎవరి కంటా పడకుండా తాళం వేసినట్టు మార్చి పంపాలి, అయినా ఆలస్యం కాకూడదు. ధర దగ్గర మాత్రం వాళ్లు ముందే గీత గీసేశారు. ఆ గీత లోపల రెండే దారులు మిగిలాయి. చురుకైన ప్రాసెసరు పెడితే మెమరీ అరవై నాలుగు ఎంబీతో సరిపెట్టుకోవాలి. మెమరీ రెట్టింపు చేస్తే ప్రాసెసరు నెమ్మదిది వస్తుంది.

“రెండూ కావాలి మామయ్యా,” అంది కోడలు.

“రెండూ అంటే గీత దాటుతుందమ్మా. ఏదో ఒకటి తేల్చు.”

“ఎలా తేల్చను? నెమ్మదిది పెడితే క్యాబిన్ వచ్చి ఆగాక గాని తెర మీద కనపడదు, వాళ్లు మొహాన కొడతారు. చురుకైనది పెడితే చోటు చాలదు. వంటగదిలో మీ చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే ఏం లాభం, గట్టు జానెడే ఉంటే? తరిగిన ముక్కలన్నీ కింద పడతాయి. రూటరూ అంతే. పరుచుకోడానికి చోటు లేకపోతే ఉన్నపళాన అన్నీ వదిలేసి మళ్లీ మొదటినుంచి లేస్తుంది.”

“మరి నిన్న చక్కగా నడిచిందిగా?”

“మూడు కెమెరాలతో నడిచింది. మన దగ్గరున్నవి మూడే.”

“మూడింటికి నడిచింది తొమ్మిదింటికీ నడుస్తుందిలే. అటూ ఇటూ సర్ది ఇరికించగలవు నువ్వు. నీ సంగతి నాకు తెలీదా?”

పొగిడినట్టే పొగిడి బరువంతా ఆమె నెత్తిన పెట్టేశాడు. మరో ఆరు కెమెరాలు అద్దెకి తెచ్చి చూద్దామని ఆమె రెండుసార్లు అంది. వాళ్ల దగ్గర ట్రయలు ఎలాగూ ఉందిగా, తొమ్మిదీ అక్కడే ఉంటాయి, అద్దె దండగ అన్నాడాయన. అప్పటికే మంచి బేరం తగిలిందని అరవై నాలుగు ఎంబీ మెమరీ చిప్పులు ట్రే నిండా కొనేశాడు. ఆ మాట కోడలికి ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఆమె ఇంక వాదించలేదు. ప్రోగ్రాములోంచి తీసెయ్యదగ్గవన్నీ తీసేస్తూ కూర్చుంది. ఇంట్లో కూడా ముభావంగా తిరిగింది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది.

ట్రయలు రోజు రానే వచ్చింది. ఇంకా జనాన్ని ఎక్కించడం మొదలుపెట్టలేదు. రోప్‌వే మేనేజరు పొట్టి జుట్టుతో, బరువైన బూట్లు వేసుకున్న నడివయసావిడ. మాటకారి కాదు. కింది స్టేషన్‌లో బేరాలాయన తమ రూటరు గురించి చెప్తూంటే ఆవిడ ఓపిగ్గా విని, “మీ పెట్టె మీద మీకంత నమ్మకముంటే నాతో పాటు ఎక్కండి,” అంది. కాదంటే ఏం బాగుంటుంది? ఎక్కాడు. కోడలు అంతకుముందే జీపులో పైకి వెళ్లి కంట్రోల్ రూములో ఆపరేటరు పక్కన కూర్చుంది. రూటరు ఆ గదిలోనే గోడకి బిగించి ఉంది.

క్యాబిన్ మెత్తగా కదిలింది. కింద స్టేషను చిన్నదై, రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెలంతయ్యాయి. ఆయన కూర్చున్న చోటినుంచే ధైర్యంగా కిందికి చూశాడు కూడా. మధ్య స్తంభం దగ్గరపడుతోంది. దాని కింద పసుప్పచ్చ కోటు వేసుకున్న ఎలక్ట్రీషియను నిలబడి వీళ్లకేసి చెయ్యి ఊపాడు.

అప్పుడు క్యాబిన్ ఆగిపోయింది.

ఆగిన ఊపుకి ముందుకీ వెనక్కీ ఊగింది. అంతవరకూ వినపడుతున్న చక్రాల చప్పుడు పోయి, గాలి చప్పుడు మిగిలింది. మేనేజరు వాకీటాకీ తీసింది.

“ఏమైంది?”

“గాలి లెక్క రావడం మానేసింది మేడం,” అన్నాడు ఆపరేటరు. “మెషిను దానంతటదే ఆగింది. కెమెరాలు కూడా పోయాయి. ఆఁ, వచ్చేశాయి. గాలి ముప్పై ఎనిమిది.”

మేనేజరు బేరాలాయన వైపు తిరిగింది. “గాలి లెక్క పోతే తాడు ఆగిపోవాలి, అది మా నియమం. మళ్లీ కదలాలంటే ఆ లెక్క అయిదు నిమిషాలు ఆగకుండా రావాలి. గాలి గంటకి యాభై కిలోమీటర్లు దాటితే ఇంక కదపకూడదు. స్తంభం పక్కనుంచి వెళ్లేటప్పుడు క్యాబిన్‌ని గాలి దానికేసి కొడుతుంది.”

“దాటితే ఏం చేస్తారు?”

“నడుముకి తాడు కట్టి ఒక్కొక్కరినీ కిందికి దించుతాం.”

ఆయన కిందికి చూడబోయి మానుకున్నాడు.

అయిదు నిమిషాలు కాకముందే లెక్క మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. మూడోసారీ అదే తంతు. వచ్చిన ప్రతిసారీ గాలి కాస్త పెరిగే ఉంది. క్యాబిన్ ఉయ్యాల్లా ఊగుతుంటే ఆయన పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. అరచేతిలో చెమటకి అది జారుతోంది.

జేబులో ఫోను మోగింది. కోడలు.

“మామయ్యా, మేడం మీ పక్కనే ఉన్నారా?”

“ఉన్నారు.”

“మెమరీయే మామయ్యా. నా కళ్ల ముందే నిండిపోతోంది. రూటరు లేవగానే తొమ్మిది కెమెరాలూ ఒక్కసారే మీద పడుతున్నాయి. కాసేపు ఓర్చుకుని మళ్లీ పడిపోతోంది. ఎన్నిసార్లు లేచినా ఇంతే. ఆరు కెమెరాల వైర్లు పీకేస్తే నిలబడుతుంది. ఆపరేటరు ఒప్పుకోవట్లేదు, తొమ్మిదీ లేకుండా తాడు నడపకూడదట. మేడం చెప్తే తప్ప ముట్టుకోనివ్వనంటున్నారు. ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పండి.”

“చెప్తా,” అని ఫోను పెట్టేశాడు.

“ఏమంటోంది మీ అమ్మాయి?” అంది మేనేజరు.

ఆయన నోటికి జీవితాంతం ఒకటే అలవాటు. మన సరుకులో లోపముందని మనంతట మనం ఎదుటివాడికి చెప్పకూడదు. తల ఆలోచించేలోపే నోరు పలికేసింది.

“వైరింగులో ఏదో తేడా ఉన్నట్టుంది మేడం. కొన్ని కెమెరాలు తీసేసి చూస్తానంటోంది.”

“వైరింగా? ఎటువైపు?”

ఇంత సూటిగా అడుగుతుందనుకోలేదు. “మధ్య స్తంభం వైపు కావచ్చట,” అన్నాడు.

మేనేజరు మొహం బిగుసుకుంది. “అక్కడ వైరింగులో తేడా ఉంటే గాలి లెక్కే నమ్మడానికి లేదు. కెమెరాలు తీసి ఏం లాభం?” అని వాకీటాకీ నోటిదగ్గర పెట్టుకుంది. “స్తంభం దగ్గరెవరు? నువ్వేనా? పైకి ఎక్కి మీటరు వైర్లు ఒకసారి చూడు. బెల్టు తగిలించుకుని ఎక్కు.”

“ఎక్కుతున్నా మేడం,” అంది అవతలి గొంతు.

క్యాబిన్ అద్దంలోంచి అంతా స్పష్టంగా కనపడుతోంది. పసుప్పచ్చ కోటు మనిషి ఇనప నిచ్చెన పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక మెట్టు ఎక్కడం, బెల్టు కొక్కెం తీసి పైన తగిలించడం, ఇంకో మెట్టు. పాపం గబగబా ఎక్కుతున్నాడు. పైన ఇద్దరు మనుషులు గాలిలో వేలాడుతున్నారని తొందర.

ఏం కాదు, చూసి దిగిపోతాడు అనుకున్నాడు బేరాలాయన. వైర్లు బాగానే ఉన్నాయంటాడు, ఆ తర్వాత ఏదో ఒకటి చెప్పొచ్చు. ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుంటున్నాడు. ఇంతలో గాలి ఒక్క విసురు విసిరింది. క్యాబిన్ పక్కకి ఒరిగింది. మేనేజరు భుజం వెళ్లి అద్దానికి తగిలింది. ఆయన తమాయించుకుని చూసేసరికి నిచ్చెన మీది మనిషి కోటు బెలూనులా ఉబ్బిపోయి ఉంది. కొక్కెం తీసి పైన తగిలించబోయే క్షణంలో పట్టుకుంది కాబోలు ఆ గాలి. కొక్కెం విడిగా ఊగుతోంది. మనిషి రెండు చేతులా నిచ్చెనని కావిలించుకుని ఉండిపోయాడు.

ఆయన కమ్మీ వదిలేసి మేనేజరు వైపు తిరిగాడు.

“మేడం, ఆయన్ని దించెయ్యండి.”

“ఎందుకు?”

“వైరింగు బాగానే ఉంది. లోపం మా పెట్టెలో ఉంది. తొమ్మిది కెమెరాలకి చాలినంత మెమరీ పెట్టలేదు. వద్దని మా కోడలు మొత్తుకుంటూనే ఉంది. కొన్నది నేను. ఇందాక మీకు అబద్ధం చెప్పింది కూడా నేనే.”

మేనేజరు ఆయన్ని ఒక్క చూపు చూసింది. తిట్టినా బాగుండేది. వాకీటాకీ తీసి నెమ్మదిగా మాట్లాడింది. “ఎక్కడున్నావో అక్కడే ఆగు. ముందు కొక్కెం తగిలించుకో. తొందరేం లేదు. తగిలించాక చెప్పు.”

జవాబు వెంటనే రాలేదు. ఇద్దరూ అద్దానికి మొహాలు ఆనించి చూస్తున్నారు. పసుప్పచ్చ చెయ్యి ఒకటి నిచ్చెన వదిలి, గాలిలో తడిమి, కొక్కెం అందుకుని బిగించింది.

“తగిలించా మేడం.”

“ఇంక పైకొద్దు. మెల్లిగా కిందికి దిగు.” తర్వాత ఆయనకేసి తిరక్కుండానే అంది. “మీ అమ్మాయికి ఫోను చెయ్యండి. నాకు వినపడేట్టు పెట్టండి.”

కోడలు మొదటి మోతకే ఎత్తింది. “మామయ్యా, ఎలక్ట్రీషియన్ని ఎందుకు ఎక్కిస్తున్నారు? వైరింగని చెప్పిందెవరు? మీరు మేడంకి చెప్పలేదా?”

“ఇప్పుడు చెప్పాను. ఆవిడ వింటున్నారు. నువ్వు నాతో చెప్పిందంతా మళ్లీ చెప్పు. నా తప్పు కూడా ఏం దాచకు.”

ఆమె తడబడకుండా చెప్పుకుపోయింది. మెమరీ ఎందుకు నిండుతోంది, ఎన్ని కెమెరాలైతే ఆగుతుంది, మూడింటితో తను ఎన్నాళ్లు నడిపి చూసింది.

“మూడు ఉంచితే నిలబడుతుందని రాసిస్తావా?” అంది మేనేజరు.

“రాసివ్వమంటే రాసిస్తాను మేడం. మా మామయ్య అందులోనే ఉన్నారుగా, అబద్ధం చెప్పను.”

మేనేజరు ఒక్క ఊపిరి తీసుకుంది. “పై ప్లాట్‌ఫాం, కింది ప్లాట్‌ఫాం, మధ్య స్తంభం. ఆ మూడూ ఉంచు. ఆపరేటరూ, వింటున్నావా? మిగతా ఆరు తీసెయ్యనివ్వు. నా మాట మీద. కెమెరా పోయిన ప్రతి చోటా వాకీటాకీతో ఓ మనిషిని నిలబెట్టు.”

వైర్లు పీకడానికి ఎంతోసేపు పట్టలేదు. రూటరు మళ్లీ లేచింది. గాలి లెక్క వచ్చింది. నలభై నాలుగు. కాని స్తంభం మీద ఇంకా మనిషి ఉన్నాడు. అతను కిందికి దిగి దూరంగా జరిగేదాకా ఏదీ కదలడానికి వీల్లేదు. మెట్టు దిగడం, కొక్కెం మార్చడం, గాలి విసిరితే ఆగిపోవడం. బేరాలాయన ఆ మనిషి కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. తను ఆడిన మాట ఒక్కో మెట్టే దిగి వస్తోంది.

“నలభై ఆరు,” అన్నాడు ఆపరేటరు.

పసుప్పచ్చ కోటు నేల మీదికి దిగింది. చెయ్యెత్తి, దూరంగా పరుగెత్తింది.

“నలభై ఏడు. లెక్క ఆగకుండా వస్తోంది మేడం. ఇంకో నిమిషం.”

ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కోడలు పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వినపడుతోంది.

“మెమరీ ఎంతుందమ్మా?” అన్నాడాయన గొంతు తగ్గించి.

“ఉంది మామయ్యా. కదలకుండా అక్కడే ఉంది.”

“నలభై తొమ్మిది,” అన్నాడు ఆపరేటరు.

మేనేజరు కళ్లు మూసుకుంది. తెరిచింది. ఆపరేటరు ఇంకోసారి అంకె చదవలేదు, అయిదు నిమిషాలూ నిండాయి. పైనెక్కడో చక్రం మూలిగింది. క్యాబిన్ కొద్దిగా వెనక్కి జారినట్టయి, ముందుకి కదిలింది. చాలా నెమ్మదిగా స్తంభం పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా సాగి అవతలికి దాటింది.

పైన తలుపు తెరవగానే బేరాలాయన దిగి, పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. కోడలు నీళ్లసీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె వేళ్లు వైరు పిన్నులు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

మేనేజరు వచ్చి ఎదురుగా నిలబడింది. “మెమరీ తక్కువ పెట్టారు. అది ట్రయల్లో బయటపడింది, ట్రయలు పెట్టేదే అందుకు. దానికి నాకు కోపం లేదు. నా మనిషి ఆ నిచ్చెన ఎందుకు ఎక్కాడు?”

“నా నోటి దురద వల్ల మేడం.”

“ఆ ముక్క అతనికి చెప్పండి. తర్వాత మాట్లాడదాం.”

ఎలక్ట్రీషియను జీపులో పైకి వచ్చేదాకా ఆయన అక్కడే ఎండలో నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పి చేతులు జోడించబోయాడు. ఆ మనిషి చేతులు పట్టుకుని ఆపాడు. వయసులో తనకంటే చిన్నవాడే. మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి.

“నిచ్చెన ఎక్కడం నా ఉద్యోగమే సార్,” అన్నాడు. “కాకపోతే పైన పనుందో లేదో నిజం చెప్పి ఎక్కించాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.” అంతే అని లోపలికి వెళ్లిపోయాడు. క్షమించాననలేదు. బేరాలాయన కూడా ఆ మాట కోసం వెంటపడలేదు.

మేనేజరు వాళ్లకి మరో అవకాశం ఇచ్చింది. ఆవిడ దయామయురాలని కాదు, ఆ ధరకి ఇంకెవరూ చేస్తామనలేదు. గీత మాత్రం జరపనంది. బొమ్మ ఆలస్యమైనా ఒప్పుకోనంది. తొమ్మిది కెమెరాలూ పగలంతా నడిచి తీరాలంది.

తిరుగు దారిలో కారులో కోడలే ముందు మాట్లాడింది. “మామయ్యా, మీరు ఎవరితో బేరమాడినా నేనేమీ అనను. మీ బేరాల వల్లే ఈ కంపెనీ నిలబడింది, నాకు తెలుసు. నేను చాలదన్నప్పుడు మాత్రం అది బేరం కాదు. నేను ఎక్కువ చెప్పి, మీరు తక్కువ చెప్పి, మధ్యలో కలుసుకునేది కాదది.”

“ఇవాళ తెలిసిందమ్మా.”

“నా తప్పూ ఉంది. చిప్పులు కొనేశారని తెలిశాక పట్టుబట్టి ఆరు కెమెరాలు తెప్పించాల్సింది. అలిగి కూర్చున్నాను.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒక బోర్డు ముందేసుకుని కూర్చున్నారు. ఆయన పెన్సిలు కొసతో ఒక్కో భాగాన్నీ ముట్టుకుంటూ అడిగాడు. ఇదేమిటి, ఇది లేకపోతే ఏమవుతుంది? ఆమె చెప్పింది. ఇది లేకపోతే లేవనే లేవదు. ఇది లేకపోతే ఉరుముకి కాలిపోతుంది. అలా అడుగుతూ అడుగుతూ మూలనున్న రేకు డబ్బా మీదికి వచ్చాడు.

“ఇది?”

“వైఫై. నాలుగు యాంటెన్నాలూ దీనికే.”

“కెమెరాలన్నీ వైర్ల మీదున్నాయిగా. దీంతో పనేమిటక్కడ?”

రూటరంటే వైఫై ఉంటుందని ఆమె ఎప్పుడూ దాని జోలికే వెళ్లలేదు. యాంటెన్నాలుంటే పెట్టె ఖరీదుగా కనపడుతుందని ఆయనా ఎప్పుడూ అడగలేదు. అది తీసేస్తే ప్రాసెసరు చురుకైనదే ఉంచి మెమరీ రెట్టింపు చెయ్యొచ్చు. గీత మీద సరిగ్గా నిలబడుతుంది, పైసా మిగలదు. కంట్రోల్ రూము వాళ్ల ఫోన్లకి వైఫై ఉండదని చెప్తే మేనేజరు చాలాసేపు సణిగి ఒప్పుకుంది. ట్రే నిండా కొన్న పాత చిప్పులు ఆయన అమ్మజూపితే సగానికి అడిగారు. బేరమాడకుండా ఇచ్చేశాడు. ఈసారి ఆరు కెమెరాలూ అద్దెకి ఆయనే వెళ్లి తెచ్చాడు. తొమ్మిదీ వర్క్‌షాపు గోడ పొడుగునా వేలాడదీసి, వాటి ముందు కొడుకుని అటూ ఇటూ నడిపించారు. అతను విసుక్కుంటూనే నడిచాడు.

రెండో ట్రయలు రోజున కోడలు కింది స్టేషన్‌లో క్యాబిన్ వైపు అడుగువేసింది. “ఈసారి నేనెక్కుతాను మామయ్యా. మీరు పైన కూర్చోండి.”

“నేను పైన కూర్చుని ఏం చేస్తానమ్మా? ఏదైనా అయితే దాన్ని పట్టుకోగలిగేది నువ్వు. నువ్వు రూటరు దగ్గరుండాలి.”

“మీకు భయమేస్తుంది.”

“వేస్తుంది,” అన్నాడాయన. “అయినా లెక్క అదే.”

ఆమె జీపెక్కి పైకి వెళ్లింది. మేనేజరు తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన లోపలికి వెళ్లి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, కిందికి చూడకుండా కూర్చున్నాడు. క్యాబిన్ కదిలింది. స్తంభం దగ్గరపడుతున్నకొద్దీ చక్రాల చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని చెవులు రిక్కించాడు.

“గాలి ముప్పై ఆరు,” అంది వాకీటాకీలో కోడలి గొంతు. “తొమ్మిదీ కనపడుతున్నాయి మేడం. మా మామయ్య కళ్లు మూసుకున్నారు, అది కూడా కనపడుతోంది.”

మేనేజరు ఆ రోజు మొదటిసారి నవ్వింది. క్యాబిన్ స్తంభం పక్కనుంచి దాటిపోయింది. ఆయన కళ్లు తెరవలేదు. పైకి చేరి తలుపు చప్పుడు విన్నాకే తెరిచాడు.